50 చేతులు మారిన 100 రూపాయల నోటు: ఒక వాట్సాప్ లెక్కకు ఖండన

కొన్నేళ్లుగా వాట్సాప్‌లో తిరుగుతున్న సందేశమొకటి ఈ మధ్య మళ్లీ నాకు చేరింది. దాని సారం ఇది: 100 రూపాయల నోటును హోటల్లో ఇస్తే, హోటలాయన దాన్ని టైలరుకు, టైలరు కిరాణా కొట్టుకు ఇస్తారు; 50 చేతులు మారినా ఆ నోటు విలువ 100 రూపాయలే. అదే ఫోన్‌తో చెల్లిస్తే ప్రతిసారీ 2.5 శాతం కమీషన్ చొప్పున 125 రూపాయలు కంపెనీల పాలవుతాయి, కాబట్టి నగదే వాడండి. నగదు వాడడంలో తప్పేమీ లేదు గానీ, అందుకు చూపిన లెక్క మాత్రం తప్పు.

ముందుగా ఆ 2.5 శాతం సంగతి. యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై వ్యాపారి నుంచి ఎండీఆర్ అనే రుసుము వసూలు చేయకూడదన్న నిబంధన 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా 40 రూపాయలు పంపితే దుకాణదారు ఖాతాలో 40 రూపాయలే పడతాయి. క్రెడిట్ కార్డులపై రుసుము ఉన్నమాట నిజమే, దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంది. సందేశం రాసినవారు అన్నిటినీ ఒకే గాట కట్టేశారు.

సరే, రుసుము నిజంగానే 2.5 శాతం అనుకుందాం. కోత పోగా మిగిలిన సొమ్మే ముందుకు సాగితే, 50 చేతులు దాటాక సుమారు 28 రూపాయలు మిగులుతాయి. 100లోంచి 125 తీయడం ఎవరి తరమూ కాదు. అలా కాక ప్రతిసారీ నిండా 100 రూపాయల సరుకే చేతులు మారిందంటే, మొత్తం జరిగిన వ్యాపారం 5,000 రూపాయలు. 125 రూపాయలు పోయింది ఆ 5,000 మీద. నోటును చూపించి వ్యాపారాన్ని దాచేయడమే ఇక్కడి కనికట్టు. ఇదే పద్ధతిలో, ఆ 50 మందీ తలా 10 శాతం లాభం తీసుకుంటే ఒక్క నోటు మీద 500 రూపాయల లాభం వచ్చిందని కూడా చెప్పవచ్చు!

నగదుకు ఖర్చే లేదన్నది మరో మాట. ఉచిత పరిమితి దాటాక ఏటీఎంలో డబ్బు తీస్తే ఒక్కోసారికి 23 రూపాయల వరకు వసూలు చేసుకోవడానికి 2025 మే నుంచి బ్యాంకులకు అనుమతి ఉంది. 500 రూపాయలు తీసుకున్నవారికి అది 4.6 శాతం. నోట్ల ముద్రణకు రిజర్వు బ్యాంకు 2023–24లో 5,101 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టింది. మా వీధి చివర ఇడ్లీ బండి ఆవిడ దగ్గర ఒకప్పుడు చిల్లర లేకపోతే చాక్లెట్లు చేతికొచ్చేవి, లేదా బాకీ నోటిలెక్కగా మిగిలేది. ఇప్పుడు చట్నీ గరిటె వదలకుండానే "స్కాన్ కొట్టండి" అంటుంది, పక్కనున్న సౌండ్‌బాక్స్ అంకె చదువుతుంది.

అలాగని యూపీఐకి ఖర్చే లేదని కాదు. ఆ ఖర్చు కొంత బ్యాంకుల మీద, కొంత ఖజానా మీద పడుతోంది. చిన్న వ్యాపారులకు అందే 2,000 రూపాయల లోపు చెల్లింపులపై ప్రోత్సాహకంగా కేంద్రం 2024–25కు దాదాపు 1,500 కోట్ల రూపాయలు ఆమోదించింది. అది మనం కట్టే పన్నే. ఖర్చు ఎవరో ఒకరు భరించక తప్పదని రిజర్వు బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా 2025లో అన్నారు. సౌండ్‌బాక్స్‌కు నెలనెలా అద్దె కట్టే దుకాణదారులూ ఉన్నారు. వాదించదలచినవారు వీటి మీద వాదిస్తే అర్థముంటుంది.

2025 జూలైలో బెంగళూరులో చాలా చిన్న దుకాణాలు స్కానర్లు తీసేసి "నగదు మాత్రమే" అని కాగితాలు అంటించాయి. అందుకు కారణం కమీషన్ కాదు. యూపీఐ జమల ఆధారంగా వాణిజ్య పన్నుల శాఖ పంపిన జీఎస్టీ నోటీసులు. పన్ను లేని పాలు, కూరగాయలు అమ్మేవారికీ అవి అందాయి. చిన్న వ్యాపారిని నిజంగా భయపెట్టిన ఈ విషయం గురించి ఆ సందేశంలో ఒక్క ముక్క లేదు.