బుడమేరుకు ఒక ఇంజినీరు కావలెను

2024 సెప్టెంబరు మొదటి వారంలో, విజయవాడ మునిగినప్పుడు, బుడమేరు వాగు గట్టు మీద ఇంజినీర్లకు కొదవ లేదు. మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అజిత్‌సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం నీళ్లలో ఉన్నాయి. జలవనరుల శాఖ మంత్రి గట్టు మీదే మకాం వేశారు. సైన్యం వచ్చి ఇనుప బుట్టల్లో రాళ్లు నింపి పేర్చింది. 7వ తేదీకి మూడో గండి కూడా పూడింది. ఆ పని చేసిన వాళ్లందరినీ మెచ్చుకోవాల్సిందే, ఆ రోజుల్లో మా పత్రికలో మేమూ మెచ్చుకున్నాం.

మరి ఆ ఏడాది మే నెలలో అదే గట్టు మీద ఎవరున్నారు? సర్కారు తుమ్మ మొలిచిన చోటు, ఎలుకలు బొరియలు తవ్విన చోటు, గట్టు కుంగి మట్టం తగ్గిన చోటు చూసి రిజిస్టరులో రాసుకోవాల్సిన మనిషి ఎవరు? రాసుకున్నది పై వాళ్లకు పంపితే డబ్బు మంజూరు చేయాల్సింది ఎవరు? విజయవాడ వరద గురించి రెండు పార్టీలూ ఎంతో మాట్లాడాయి. ఈ చిన్న ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు.

బుడమేరు సంగతి బెజవాడ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మైలవరం, జి.కొండూరు వైపు కొండల్లో కురిసిన వాన వాగుగా దిగి, నగరం అంచుల్నీ మధ్యనూ ఒరుసుకుంటూ పోయి కొల్లేట్లో కలుస్తుంది. ఊరు మునగకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, నీటిని మళ్లింపు కాలువలోకి తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపారు. కాగితం మీద చక్కని ఏర్పాటు. దాని బలహీనతలు మాత్రం మొదటి నుంచీ తెలిసినవే. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు కాలువ నీళ్లు దిగవు, వెనక్కి తంతాయి. థర్మల్ విద్యుత్ కేంద్రం దగ్గర కాలువ ఇరుకు. దారిలో పులివాగు వచ్చి కలుస్తుంది. పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్లు తెచ్చే పోలవరం కుడి కాలువ కూడా ఇదే దారిన కృష్ణకు చేరుతుంది. ఇన్ని నీళ్లు ఒకేసారి వస్తే గట్టు ఆగుతుందా, ఆగకపోతే వెలగలేరు గేట్లు ఎప్పుడు ఎత్తాలి, ఎత్తితే సింగ్‌నగర్‌కు ఎన్ని గంటల్లో నీళ్లు చేరతాయి, ఎవరికి ఎంత ముందు చెప్పాలి? ఇవి వరద రాత్రి ఫోన్లలో అరుచుకుని తేల్చే విషయాలు కావు, ఎండాకాలంలో కూర్చుని లెక్క కట్టుకోవాల్సినవి.

లెక్క కట్టాల్సింది ఎవరన్నదే తేలడం లేదు. గట్టు జలవనరుల శాఖది. ఊళ్లో డ్రైన్లు కార్పొరేషన్‌వి. ఆక్రమణల హద్దులు తేల్చాల్సింది రెవెన్యూ. థర్మల్ కేంద్రం విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కోది. ఏలూరు కాలువ కింద నుంచి బుడమేరును దాటించే ఎనికేపాడు యూటీ (అండర్ టన్నెల్) దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ డెల్టా అధికారుల లెక్క. ఒకే వాగు, నడిచే దారిలో అయిదారుగురు యజమానులు.

ఆరున్నర శతాబ్దాల కిందటే దీని గురించి రాయి మీద చెక్కి పెట్టిన వాళ్లున్నారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్ట దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో వరసగా చెప్పారు. పన్నెండింటిలో మొదటిది ధర్మం తెలిసిన రాజు. రెండోది నీటి శాస్త్రం చదువుకున్న పండితుడు. గట్టి మట్టి, కొండ, రాయి ఇవన్నీ ఆ తర్వాతే. చిట్టచివర, పని తెలిసిన కూలీల జట్టు. అంటే రాజు తర్వాత వెంటనే ఇంజినీరును పెట్టారు, మేస్త్రీనీ మరిచిపోలేదు. ఇక ఆరు దోషాల్లో ఒకటి చదివితే అది బుడమేరు కోసమే చెక్కారేమో అనిపిస్తుంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. కట్ట ఎంత గట్టిదైనా రెండు రాజ్యాల మధ్య ఉంటే పట్టించుకునే వాడుండడని వాళ్లకు తెలుసు. ఇప్పుడు రాజ్యాలు పోయి శాఖలు వచ్చాయి, దోషం అలాగే ఉంది.

అందుకే విజయవాడకు, ఆ మాటకొస్తే చెరువో వాగో పక్కన పెట్టుకున్న ప్రతి పట్టణానికీ, నీటి కట్టడాల కోసం సొంత ఇంజినీర్లు కావాలని మేము అడుగుతున్నాం. ఒకరిద్దరు అదనపు ఏఈల (అసిస్టెంట్ ఇంజినీర్ల) సంగతి కాదు ఇది. వాగు పుట్టిన చోటు నుంచి కలిసే చోటు దాకా గట్టు, గేటు, తూము, డ్రైను అన్నీ ఒకే చేతి కింద ఉండే చిన్న జట్టు కావాలి. వాన లెక్కలు చూసే మనిషి, మట్టి పరీక్షలు తెలిసిన మనిషి, గేట్ల మెకానికల్ ఇంజినీరు, వాళ్ల పైన మాట చెల్లే ఒక అధికారి.

మన పట్టణాల్లో ఇప్పుడు జరిగేది వేరు. వరద వస్తుంది, వెళ్తుంది. వెంటనే ‘శాశ్వత పరిష్కారం’ కోసం డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) అంటారు. టెండరు పిలుస్తారు. తక్కువ కోట్ చేసిన కన్సల్టెన్సీ వస్తుంది. డ్రోన్ ఎగరేస్తుంది, రంగురంగుల మ్యాపులతో పవర్‌పాయింట్ చూపిస్తుంది, లావుపాటి రిపోర్టు ఇచ్చి బిల్లు తీసుకుని వెళ్తుంది. ఏడాది తర్వాత ఆ రిపోర్టులో ఒక అంకె ఎలా వచ్చిందో అడగాలంటే అడగడానికి మనిషి ఉండడు. మునిసిపాలిటీలో ఉన్న ఇంజినీరుకు చదివే తీరిక లేదు. ఆయన పొద్దున్నే పంపుల మోటారు కాలిందని బయల్దేరతాడు, మధ్యాహ్నం రోడ్డు ప్యాచ్‌వర్క్, సాయంత్రం వీఐపీ పర్యటన. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయాలకు, నీళ్లు, రోడ్లు, డ్రైన్ల సంగతి చూసే అమెనిటీస్ సెక్రటరీలను తీసుకున్నారు. ఇంజినీరింగ్ చదివిన కుర్రాళ్లు, అమ్మాయిలు. తమ వార్డులో వాన నీరు ఎటు పోతుందో గీసి ఇవ్వమంటే వీళ్లు ఒక్క ఎండాకాలంలో గీసి ఇవ్వగలరు. ఆ పని చెప్పే పెద్ద ఇంజినీరు పైన ఉండాలి కదా.

కన్సల్టెంట్లే వద్దని మేము అనడం లేదు. తెలుగు నేల మీద నీటి పనికి పిలిపించిన అతి గొప్ప ఇంజినీరు కన్సల్టెంటుగానే వచ్చారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేల మంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిచింది. ఆయన 1909లో వచ్చి మొదట చేసిన పని ఊరి గోడల దగ్గర కాదు, ఎగువన. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగిపోయాయని లెక్క తేల్చారు. నగరాన్ని ముంచిన నీటిలో తెగిన కట్టల నీళ్లూ ఉన్నాయన్నమాట. కొన్ని నెలలే ఉండి, అదే ఏడాది మైసూరుకు చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయారు. అయినా ఆయన చెప్పిన జలాశయాలు కాగితాల్లో ఉండిపోలేదు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆయన వెళ్లాక ఆ పనిని పట్టుకుని నడిపించిన ఇంజినీర్లు ఊళ్లో ఉన్నారు కాబట్టి అవి పూర్తయ్యాయి. తర్వాత చీఫ్ ఇంజినీరు అయిన ఆలీ నవాజ్ జంగ్ లాంటి వాళ్లు తయారైంది ఆ నిజాం ప్రజాపనుల శాఖలోనే. ఇంట్లో వంట తెలిసిన వాళ్లుంటే చుట్టం చెప్పిన చిట్కా పనికొస్తుంది.

గేట్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. గట్టు కుంగితే కంటికి కనిపిస్తుంది, గేటు జబ్బు కనిపించదు. 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. అదే ఏడాది నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగి పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అయిదు గేట్లలో ఒకటి ఎత్తడానికి రాలేదన్న సంగతి పార్లమెంటు దాకా వెళ్లింది. గుండ్లకమ్మలో 2022లో ఒక గేటు, 2023లో మరొకటి పోయాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగింది. నిండు డ్యాములో, పారే నీటి మీద స్టాప్‌లాగ్‌లు (గేటు బదులు అడ్డం పెట్టే ఇనుప పలకలు) దింపడానికి ఎవరిని పిలిచారు? ఎప్పుడో రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడిని. మూడు వారాలు తిరిగేసరికి పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకు సమతూకంగా ఉండే బరువులు (కౌంటర్‌వెయిట్లు) విరిగాయి. మళ్ళీ ఆయనే. ఆ పెద్దాయనకు చేతులెత్తి దండం పెడతాం. కానీ ఇన్ని వందల గేట్లున్న రెండు తెలుగు రాష్ట్రాలు, అందులోనూ ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్న రాష్ట్రాలు, ప్రతిసారీ ఒకే వృద్ధుడి ఇంటికి ఫోన్ చేయడం చూస్తే గర్వపడాలో భయపడాలో తెలియదు. ఆయన పక్కన పదిమంది కుర్ర మెకానికల్ ఇంజినీర్లను పెట్టి నేర్పించమని ఏ జీవో అయినా ఇచ్చారా?

ఇంజినీరు ఒక్కడితో గట్టు నిలవదు, అదీ చెప్పాలి. లష్కర్లు కావాలి. రాత్రిపూట టార్చి పట్టుకుని గట్టు మీద నడిచి, చెమ్మ ఎక్కిన చోట కాలు పెట్టి చూసి ‘ఇక్కడ బుంగ పడేలా ఉంది సార్’ అని చెప్పేది లష్కరే. తెలంగాణ పల్లెల్లో నీరటి చేసిన పని అదే. బుంగ చిన్నగా ఉండగా నాలుగు బస్తాల ఇసుకతో ఆగుతుంది, గంట ఆలస్యమైతే గండి. ఉద్యోగాలు ఖాళీ అయితే నింపకుండా వదిలేయడం, కొన్నిచోట్ల ఔట్‌సోర్సింగ్‌లో పెట్టి నెలల తరబడి జీతాలివ్వకపోవడం మన ప్రభుత్వాలకు అలవాటైంది. లష్కర్లను మళ్ళీ తీసుకుంటామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. వాళ్లను ఆఫీసుల్లో టీలు తేవడానికి వాడుకోకుండా గట్టు మీద ఉంచితే ఇంకా మంచిది.

చట్టం ఉంది కదా అనే వాళ్లున్నారు. 2021 డ్యామ్ భద్రత చట్టం ప్రకారం డ్యామ్ యజమాని తన దగ్గర భద్రతా విభాగం పెట్టాలి, వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయించాలి. కాకపోతే అది 15 మీటర్లు దాటిన డ్యాములకు, కొన్ని షరతుల మీద 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. బుడమేరు గట్టు, ఊరి చెరువు కట్ట దాని కంటికి ఆనవు. పట్టణాలను ముంచేది ఎక్కువగా ఈ చిన్నవే. ఇదే పద్ధతిని రాష్ట్రాలు చిన్న కట్టడాలకూ నియమంగా పెట్టుకోవచ్చు. కేంద్రం వద్దనదు.

డబ్బేదీ అంటారు. సైన్యాన్ని దింపిన ఖర్చు, డ్రోన్లతో అన్నం పొట్లాలు పంచిన ఖర్చు, మునిగిన ఇళ్లకు ఇచ్చిన పరిహారం, బ్యాంకులూ బీమా కంపెనీలూ పడ్డ టెన్షన్, ఫ్రిజ్‌లూ బైకులూ ఆటోలూ పోగొట్టుకున్న కుటుంబాల అప్పులు అన్నీ ఒక వరసలో రాసి, పది మంది ఇంజినీర్ల, ఓ యాభై మంది లష్కర్ల ఏడాది జీతం పక్కన రాసి చూడండి. ఆర్థిక శాఖ వాళ్లకు కూడికలు రాకపోవు. చిక్కు ఎక్కడంటే, గండి పూడ్చే ఖర్చుకు ఎవరూ అడ్డు చెప్పరు, గండి పడకుండా చూసే జీతానికి మాత్రం పది కొర్రీలు వేస్తారు. గట్టు మీద కంప కొట్టించడానికి రిబ్బను కట్ చేయలేరు కదా.

ఆక్రమణలు తీయకుండా ఇంజినీరు వచ్చి ఏం చేస్తాడన్న మాట కూడా నిజమే. ‘ఆపరేషన్ బుడమేరు’ అని ప్రకటించినంత తేలిక కాదు అది. ఇరవై ఏళ్ల కిందట అప్పు చేసి అక్కడ స్థలం కొనుక్కున్న ఆటో డ్రైవరుకు వాగు హద్దు ఎవరూ చూపించలేదు, రిజిస్ట్రేషన్ ఆఫీసూ ఆపలేదు. ఎవరిని కదిలించాలో, ఎక్కడ ఇల్లు ఇవ్వాలో తేల్చేది ప్రభుత్వమే. కానీ వాగు ఎంత వెడల్పు ఉండాలో, ఎక్కడ అది తప్పదో, ఎక్కడ గోడ కట్టి ఇళ్లు ఉంచవచ్చో చెప్పగలిగింది కొలత తీసిన ఇంజినీరే. ఆ కొలత లేకపోతే బుల్‌డోజరు పేదల గుడిసెల దగ్గర మొదలై అపార్టుమెంట్ల దగ్గర ఆగుతుంది.

మా తప్పూ ఒప్పుకోవాలి. గండి ఫొటోను మొదటి పేజీలో ఆరు కాలాల్లో వేశాం. వానాకాలానికి ముందు గేట్లకు గ్రీజు పెట్టారా, రబ్బరు సీళ్లు మార్చారా అని అడిగిన వార్తకు లోపలి పేజీలో మూల కూడా దొరకదు. అధికారులు చదివేది మేము వేసేదే కాబట్టి, ఈసారి మే నెలలో మా విలేకరులు వెలగలేరు నుంచి కృష్ణ దాకా గట్టు వెంట నడుస్తారు, చూసింది రాస్తారు.

ఈలోగా ప్రభుత్వం చేయగలిగిన పని ఒకటుంది. దానికి కేబినెట్ అక్కర్లేదు, డీపీఆర్ అక్కర్లేదు. మళ్లింపు కాలువ గట్టు మీద కిలోమీటరుకో బోర్డు పాతించండి. ఈ గట్టు ఎవరి బాధ్యతో ఒక ఇంజినీరు పేరు, హోదా, రాత్రి పన్నెండింటికైనా ఎత్తే ఫోన్ నంబరు దాని మీద రాయించండి. ఆయన్ను మూడేళ్లు బదిలీ చేయకండి. కింద లష్కరు పేరు కూడా రాయండి. సింగ్‌నగర్ జనం వాన మొదలవగానే ఎవరికి ఫోన్ చేయాలో తెలుసుకుని పడుకుంటారు.