ఉన్నారా అన్నది కాదు, ఎప్పుడున్నారన్నదే అసలు చిక్కు

ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్‌కు 1998 నుంచి అప్పుడప్పుడూ కొన్ని వింత సిగ్నల్స్ తగిలేవి. ఇలా వచ్చి అలా మాయమయ్యేవి. సుదూర అంతరిక్షం నుంచి వచ్చే రేడియో మెరుపుల్లాగే కనిపించేవి. ఏళ్ల తరబడి బుర్రలు బద్దలుకొట్టుకున్నాక 2015లో గుట్టు బయటపడింది. అక్కడి మైక్రోవేవ్ ఓవెన్ పూర్తిగా ఆగకముందే ఎవరో తలుపు లాగేస్తున్నారు. లోపలి తరంగాలు తప్పించుకొచ్చి టెలిస్కోప్‌లో పడుతున్నాయి! వాటిని గ్రహాంతరవాసుల ఖాతాలో ఎవరూ వేయలేదు లెండి. కానీ ఆకాశానికి చెవి ఒగ్గి కూర్చున్నవాళ్ల కష్టం ఎలాంటిదో ఈ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 1967లో బ్రిటన్ ఖగోళ పరిశోధకురాలు జోసెలిన్ బెల్‌కు దాదాపు 1.34 సెకన్ల వ్యవధితో, గడియారం కొట్టినట్టు ఆగకుండా ఒక సిగ్నల్ వినిపించింది. పరిశోధకులు సరదాకి దానికి 'చిన్ని ఆకుపచ్చ మనుషులు' అని పేరు పెట్టుకున్నారు. తీరా చూస్తే అది గిరగిర తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లే పల్సర్ అనే నక్షత్రం. 2019లో, సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ వైపు నుంచి వచ్చినట్టు కనిపించిన సిగ్నల్ కూడా చివరికి మన యంత్రాల గోలేనని 2021లో తేల్చారు. 1977లో ఒహాయోలో 72 సెకన్ల పాటు నమోదైన ప్రసిద్ధ 'వావ్' సిగ్నల్ మాత్రం ఇంకా ముడి వీడలేదు. అయితే అది మళ్లీ వినిపించనూ లేదు. ఒక్కసారి వినిపించి మాయమైనదాన్ని రుజువు అనలేం.

అయినా మనలో చాలామందికి ఎక్కడో ఎవరో ఉన్నారనే గట్టి నమ్మకం. కారణం అంకెలు. ఒక్క మన పాలపుంతలోనే 10 వేల కోట్ల నుంచి 40 వేల కోట్ల దాకా నక్షత్రాలున్నాయని అంచనా. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ తిరిగే మొదటి గ్రహాన్ని 1995లో కనిపెడితే, ఇప్పుడు రకరకాల నక్షత్రాల చుట్టూ దొరికిన గ్రహాల చిట్టా 6000 దాటింది. ఇన్ని గ్రహాలుండగా మనమొక్కళ్లమే ఉంటామా అని అడిగితే అవతలివాడికి నోరు పెగలదు.

నా దృష్టిలో ఇది సగం వాదనే. పెద్ద సంఖ్యను చేతికిచ్చి, దాన్ని ఎంత చిన్న సంఖ్యతో గుణించాలో చెప్పకపోతే జవాబు ఏదైనా కావచ్చు. పాలపుంతలో సిగ్నల్ పంపగల నాగరికతలెన్నో అంచనా వేయడానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ 1961లో రాసిన సమీకరణంలో ఏడు అంశాలున్నాయి. నక్షత్రాలు ఏ వేగంతో పుడుతున్నాయి, వాటికి గ్రహాలెన్ని అనేంతవరకు మనకు కాస్త తెలుసు. జీవం పుట్టే అవకాశం, అందులో తెలివి పుట్టే అవకాశం, అది సిగ్నల్ పంపే దశకు చేరడం, ఆ దశలో ఎన్నాళ్లు నిలుస్తుందన్నది.. వీటన్నిటికీ మన దగ్గరున్న ఉదాహరణ ఒక్కటే. మనమే. ఒక్క మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందో లేదో చెప్పొచ్చు గానీ, అదే మెతుకుతో ప్రపంచంలోని కుండలన్నిటి సంగతీ చెప్పలేం కదా. ఈ అనిశ్చితి మొత్తాన్ని లెక్కలోకి తీసుకుని 2018లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూస్తే, మనం ఒంటరులమయ్యే అవకాశం కొట్టిపారేసేంత చిన్నదేం కాదని తేలింది.

అసలు 'జీవం', 'తెలివైన జీవం' అన్నవాటిని మనం ఒకే గాటన కట్టేస్తాం. భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్లు. 350 కోట్ల ఏళ్ల నాటికే ఇక్కడ సూక్ష్మజీవులున్నాయి. అంటే పరిస్థితులు అనుకూలిస్తే జీవం త్వరగానే మొదలవుతుందేమో అనుకోవచ్చు. కానీ ఆ తర్వాత ఏమైంది? వంద కోట్ల ఏళ్లకు పైగా బ్యాక్టీరియా లాంటి సాదా కణాలే భూమిని ఏలాయి. ఒక కణం ఇంకో కణాన్ని లోపలికి తీసుకుని, అరిగించుకోకుండా కాపురం పెట్టించుకుంటే, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా వచ్చింది. చెట్టు, పుట్టగొడుగు, ఏనుగు, మనిషి అందరిదీ ఆ వంశమే. మనకు తెలిసినంతలో ఆ ఘటన ఒక్కసారే ఫలించింది. అది జరగకపోయి ఉంటే భూమి ఇవాళ్టికీ బ్యాక్టీరియా పొరలు పట్టిన గ్రహంగానే ఉండేదేమో.

తెలివి అనేది జీవపరిణామపు మెట్లలో ఆఖరి మెట్టు అనే అపోహ ఒకటుంది. పరిణామానికి అలాంటి గమ్యమేదీ లేదు. డైనోసార్లు 16 కోట్ల ఏళ్లు రాజ్యమేలాయి, ఏ టెలిస్కోపూ కట్టలేదు. వాటికి ఆ అవసరం లేదు. ఆక్టోపస్‌ది నిజంగా పదునైన బుర్ర. మూత తిప్పి సీసా తెరవగలదు. పాపం నీళ్లలో నిప్పు రాజేయలేదు, లోహం కరిగించలేదు. పైగా గుడ్లు పొదిగే తల్లి పిల్లలు బయటికొచ్చేసరికే చనిపోతుంది, నేర్చుకున్నది నేర్పే వీల్లేదు. తెలివుంటే సరిపోదు, దానికి చేతులూ నిప్పూ గురువూ కావాలి.

అందుకే సూక్ష్మజీవులు చాలా చోట్లే ఉంటాయన్నది నా అంచనా. వేరే నక్షత్రం చుట్టూ తిరిగే కే2-18బీ గ్రహం మీద జీవపు జాడ దొరికిందంటూ 2025లో పెద్ద చర్చే నడిచింది. చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ఒకవేళ నిజమైనా అది మనతో మాట్లాడే జీవం కాదు.

మరి ఆకాశం ఎందుకు మౌనంగా ఉంది? 'వాళ్లంతా ఏరీ?' అని భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ 1950లో భోజనాల బల్ల దగ్గర అడిగింది ఇదే. నిజానికి మనం వెతికింది చాలా తక్కువ. వెతకాల్సింది సముద్రమంత అయితే ఇప్పటిదాకా చూసింది ఓ స్నానపు తొట్టెడు అని 2018లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. కాబట్టి ఆ మౌనాన్ని నేను సాక్ష్యంగా వాడుకోను. నన్ను వెనక్కి లాగేది కాలం.

ఒక చిన్న లెక్క వేద్దాం. పాలపుంతలో 1000 కోట్ల ఏళ్లలో ఏకంగా 10 లక్షల నాగరికతలు పుట్టాయనుకుందాం. చాలా ఉదారమైన ఊహే. ఒక్కొక్కటీ సిగ్నల్స్ పంపే దశలో 10 వేల ఏళ్లు నిలిచిందనుకుందాం. అవి అన్ని కాలాల్లోనూ సమానంగా చెదిరి ఉంటే ఏ సమయంలోనైనా సగటున ఎన్ని బతికుంటాయి? ఒక్కటి. ఈ వేళ ఆ ఒక్కటీ మనమే కావచ్చు. మిగతావాళ్లు ఎప్పుడో వచ్చి వెళ్లారు, లేదా ఇంకా రావాల్సి ఉంది.

నాగరికత నశించనక్కర్లేదు కూడా, గొంతు తగ్గించుకుంటే చాలు. మనకు రేడియో వచ్చి 130 ఏళ్లే. అప్పుడే శక్తిమంతమైన టీవీ టవర్ల పని చాలావరకు కేబుళ్లు, ఫైబర్‌లు చేస్తున్నాయి. లక్ష కాంతి సంవత్సరాల వెడల్పున్న పాలపుంతలో మన కబుర్లు చేరింది నూట చిల్లర కాంతి సంవత్సరాల దూరమే, అదీ వినలేనంత బలహీనంగా.

విశ్వం మొత్తంలో తెలివైన జీవులు మరెక్కడా లేరంటే నేనూ నమ్మను. ఈ పాలపుంతలో, మన రోజుల్లో, మాట కలిపే దూరంలో ఉన్నారంటే మాత్రం సందేహమే. 1974లో పోర్టోరికోలోని అరెసిబో టెలిస్కోప్ నుంచి ఎం13 నక్షత్ర గుచ్ఛం వైపు 1679 బిట్ల సందేశం పంపారు. అది ఆ దూరం దాటడానికి దాదాపు 25 వేల ఏళ్లు పడుతుంది, జవాబు వెనక్కి రావడానికి ఇంకో 25 వేలు. పంపిన టెలిస్కోప్ 2020 డిసెంబరులో కుప్పకూలింది. సందేశం అప్పటికి బయల్దేరి 46 ఏళ్లే అయింది.