మూడో మనిషి లేని రచ్చబండ

పెరుగు గురించిన వ్యాసానికి ఇంగ్లీషు వికీపీడియాలో ఏ పేరు ఉండాలన్న తగువు 2003లో మొదలై 2011లో గానీ తెగలేదు. పెరుగు ఎలా తోడుకుంటుందన్నది కాదు గొడవ, ఒంటికి మంచిదా చెడ్డదా అన్నదీ కాదు. యోగర్ట్ అన్న పేరు మధ్యలో 'హెచ్' అక్షరం ఉండాలని బ్రిటన్ ఇంగ్లీషుకి అలవాటుపడ్డవాళ్ళు, అక్కర్లేదని అమెరికా ఇంగ్లీషు వాళ్ళు. చివరికి అక్షరం ఎగిరిపోయింది. ఈ కథ చెప్పగానే ఎవరైనా నవ్వుతారు, పనీపాటా లేని జనం అంటారు. నాకు మాత్రం అందులో ముచ్చటగొలిపే సంగతే కనిపిస్తుంది. అన్నేళ్ళూ రెండు వర్గాలూ ఒకే పేజీలో ఉన్నాయి. పేరు మీద కొట్టుకుంటూనే లోపల వ్యాసాన్ని పెంచుకుంటూ పోయాయి. ఎవరికీ పైసా జీతం లేదు.

పద్ధతి తెలిసిందే. ఒకరు రాస్తారు, ఇంకొకరు తీసేస్తారు, ఆ తర్వాత ఇద్దరూ ఆ వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీకి వెళ్ళాలి. వెళ్ళకుండా నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఎదుటివాడి రాతను రద్దు చేస్తే నిరోధం పడుతుంది. చర్చ పేజీలోనూ తెగకపోతే మూడో అభిప్రాయం అడగొచ్చు, నెల రోజులపాటు అందరినీ పిలిచి బహిరంగ చర్చ పెట్టొచ్చు. అన్నిటికీ పైన, 2004 నుంచి ఇంగ్లీషు వికీపీడియాకి ఆర్బిట్రేషన్ కమిటీ అనే సుప్రీంకోర్టు ఉంది. ఈ కోర్టు పెరుగు స్పెల్లింగ్ ఏమిటో చెప్పదు. ఎవరి ప్రవర్తన బాగాలేదో చెబుతుంది, వాళ్ళను పక్కన కూర్చోబెడుతుంది, అంతే. వ్యాసంలో ఏముండాలో తేల్చే అధికారి ఈ మెట్లలో ఏ మెట్టు మీదా లేడు. బయటివాళ్ళు పెద్దగా గమనించని విషయం ఇదే.

మరి తేల్చేదెవరు? గొడవతో సంబంధం లేని మూడో మనిషి. దారిన పోతూ ఆగి, రెండు వైపుల రాతలూ ఓపిగ్గా చదివి, నాలుగు ముక్కలు రాసి వెళ్ళిపోయేవాడు. ఎంఐటీ పరిశోధకులు కొందరు ఏడేళ్ళపాటు ఇంగ్లీషు వికీపీడియాలో జరిగిన బహిరంగ చర్చలు 7,000కు పైగా తీసి చూసి, ఫలితాలు 2018లో బయటపెట్టారు. దాదాపు మూడో వంతు చర్చలు ఎటూ తేలకుండా పడి ఉన్నాయి. అసలు ప్రశ్ననే తికమకగా అడగడం, చిల్లర కీచులాటలు పెరిగిపోవడం, వచ్చినవాళ్ళకి ఆసక్తో విషయ పరిజ్ఞానమో చాలకపోవడం వాళ్ళకి కనబడ్డ కారణాలు. ఈ మూడింటికీ మందు ఒక్కటే. తెలిసిన మూడో మనిషి సమయానికి రావడం. అదే 2018లో, ఇలాంటి తగువులు సర్దడానికి ఇంగ్లీషు వికీపీడియాలో ఉన్న మధ్యవర్తిత్వ కమిటీని మూసేశారు. ఆ గుమ్మం తొక్కేవాళ్ళు కరువయ్యారు మరి. మధ్యవర్తి కూర్చోవాలంటే తగువులాడే రెండు పక్షాలూ ఒప్పుకోవాలి. కోపంలో ఉన్నవాడు ఎందుకు ఒప్పుకుంటాడు? మూడో మనిషికి ఆ బాధ లేదు, ఎవరి పిలుపూ అక్కర్లేకుండానే వస్తాడు.

కాకతీయుల కులం సంగతే తీసుకుందాం. ఇంటర్నెట్‌లో దీనిమీద సాగే యుద్ధాల గురించి తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఒకాయన క్షత్రియులని రాస్తాడు. ఇంకొకాయన అది కొట్టేసి తన కులం పేరు పెడతాడు. వాళ్ళిద్దరినే వదిలేస్తే చర్చ పేజీలో మిగిలేవి ఒకరి తాతముత్తాతల మీద మరొకరు విసురుకునే మాటలే. ఎటూ చెందని మనిషి వచ్చాడంటే ఆయన అడిగే ప్రశ్న వేరు: ఏ శాసనంలో ఉంది, దాన్ని చదివిన చరిత్రకారులు ఏమన్నారు? అక్కడి నుంచి విషయం తెరుచుకుంటుంది. కాకతీయుల శాసనాల్లో చాలావరకు వర్ణం ఊసే ఎత్తవు. ఎత్తినవాటిలో ఎక్కువ భాగం చతుర్థ కులమనే, అంటే శూద్రులనే చెబుతాయి. గణపతిదేవుడి సేనాని మల్యాల గుండన కాలపు బోత్‌పూర్, వడ్డమాను శాసనాలు అలాంటివి. మోటుపల్లి, మల్కాపురం శాసనాలు మాత్రం వాళ్ళను సూర్యవంశ క్షత్రియులతో కలుపుతాయి. వ్యాసంలో రాయాల్సింది ఈ నాలుగు వాక్యాలే. ఏ శాసనం ఏమంది, దాన్ని చరిత్రకారులు ఎలా అర్థం చేసుకున్నారు. రెండు కులసంఘాలకీ ఇది నచ్చదు. చదవడానికి వచ్చిన పదో తరగతి పిల్లవాడికి మాత్రం కాకతీయుల కాలంలో వర్ణం ఎంత పలచగా ఉండేదో, వంశావళులు ఎలా తయారయ్యేవో మొదటిసారి తెలుస్తుంది.

ఈ నాలుగు వాక్యాలు కొట్టుకునే ఇద్దరిలో ఎవరైనా రాయొచ్చు. కానీ రాయరు. తనకి పనికొచ్చే శాసనం ఒకటి దొరకగానే వెతకడం ఆపేస్తారు. దొరికిన తర్వాత కూడా వెతుకుతూ పోయేవాడు ఫలితంతో పని లేనివాడే అయ్యుండాలి. ఇంగ్లీషు వికీపీడియా కులాల వ్యాసాలు చాలావాటికి తాళం వేసింది. ఖాతా తెరిచి 30 రోజులు, 500 మార్పులు దాటనివాళ్ళు ముట్టుకోలేరు. రోజూ కొత్త ఖాతాలతో దండెత్తేవాళ్ళ నుంచి కాపాడటానికి తాళం అవసరమే, కాదనను. తాళం గొడవను ఆపుతుంది, అంతకు మించి ఏం చేస్తుంది? ఆ నాలుగు వాక్యాలు ఎవరో ఒకరు కూర్చుని రాయాల్సిందే.

ఇంత తంటా దేనికి, నిపుణులకి అప్పగిస్తే పోలేదా అనేవాళ్ళున్నారు. గుండెజబ్బు వ్యాసంలో కార్డియాలజిస్టు మాటకి, ఎవరో కుర్రాడి మాటకి ఒకే విలువా అన్న ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ ఆ ప్రయోగం ఎప్పుడో అయిపోయింది. వికీపీడియాకి ముందు 2000లో అదే మనుషులు నూపీడియా అని పెట్టారు. డాక్టరేట్లున్న సమీక్షకులు, ఏడు అంచెల పరిశీలన. 2003లో మూసేనాటికి పూర్తయిన వ్యాసాలు పాతిక ప్రాంతంలో ఉన్నాయి. వికీపీడియా వ్యవస్థాపకుల్లో ఒకరైన లారీ శాంగర్ బయటికి వెళ్ళి, నిపుణులకి పెద్దపీట వేస్తానని సిటిజెండియం మొదలుపెట్టాడు. దాని పేరు మీలో ఎంతమంది విన్నారు? నిపుణుడు మూడో మనిషిగా వస్తే అంతకంటే కావాల్సిందేముంది. జడ్జిగా వస్తేనే చిక్కు.

గొడవలున్న వికీలను చూస్తే నాకు భయం లేదు. భయపెట్టేవి గొడవల్లేని వికీలు. క్రొయేషియన్ వికీపీడియాని, తోటివాళ్ళను నిరోధించే అధికారమున్న నిర్వాహకుల్లోనే ఒక తీవ్ర జాతీయవాద ముఠా 2011 నుంచి దాదాపు పదేళ్ళు గుప్పిట్లో పెట్టుకుంది. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలతో చేతులు కలిపిన ఉస్తాషా ప్రభుత్వం చేసిన నేరాలను పలచన చేసి రాశారు. కాదన్నవాణ్ణల్లా నిరోధించారు. దొంగ ఖాతాలతో ఓట్లు వేసుకున్నారు. 2013లో ఆ దేశ విద్యామంత్రే విద్యార్థులకి ఈ వికీని నమ్మొద్దని చెప్పాల్సి వచ్చింది. 2021లో, వికీపీడియాలను నడిపే వికీమీడియా ఫౌండేషన్ వేయించిన నివేదిక కారణాల్లో ఒకటిగా ఎత్తిచూపిన సంగతి మనం రెండుసార్లు చదవాలి. ఒకరి మాట ఒకరికి అర్థమయ్యే క్రొయేషియన్, సెర్బియన్, బోస్నియన్, సెర్బో-క్రొయేషియన్ వికీలు విడివిడిగా ఉండటంతో ఏ వికీకి ఆ వికీలో ఒకే రకం మనుషులు పోగయ్యారు. కాదనే పొరుగువాడు పొరుగు వికీలో ఉండిపోయాడు. ఇక అక్కడ ఏకాభిప్రాయానికి లోటేముంటుంది! 2019లో వచ్చిన ఇంకో పరిశోధన ఇంగ్లీషు వికీపీడియా గురించి చెప్పింది దీనికి సరిగ్గా అవతలి వైపు. రాజకీయంగా రెండు దిక్కుల వాళ్ళూ కలిసి పోట్లాడుకుంటూ రాసిన వ్యాసాలు ఒకే దిక్కు వాళ్ళు రాసినవాటికంటే మెరుగ్గా ఉన్నాయట.

పైనుంచి ఎవరో దిగివచ్చి తీర్చడం కూడా చూశాం. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని సామెత. 2019 జూన్‌లో ఇంగ్లీషు వికీపీడియా నిర్వాహకుడొకరిని ఫౌండేషనే నేరుగా ఏడాదిపాటు బహిష్కరించింది. ఫిర్యాదు ఏమిటో, ఎవరిదో వాడుకరులకి చెప్పలేదు. దాదాపు 20 మంది నిర్వాహకులు బాధ్యతలు వదిలేశారు. చివరికి వ్యవహారం ఆర్బిట్రేషన్ కమిటీ చేతికి వచ్చి, సెప్టెంబరులో ఆ బహిష్కరణ రద్దయింది. మన దేశంలో 2024 జులైలో ఏఎన్ఐ వార్తాసంస్థ తన గురించిన వ్యాసంలో రాతలు పరువు తీస్తున్నాయని రెండు కోట్ల రూపాయల దావాతో ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. హైకోర్టు ఉత్తర్వుతో, కేసు గురించి రాసిన పేజీని సైతం ఆ అక్టోబరులో దించాల్సి వచ్చింది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఈ మొత్తం వ్యవహారంలో అసలు ప్రశ్న, అంటే ఆ వార్తాసంస్థ మీద వచ్చిన విమర్శలకి ఆధారాలు ఎంత గట్టివన్నది, చర్చ పేజీలో నలుగురు కూర్చుని తూకం వేయాల్సింది. ఆ పని కోర్టు వాయిదాల్లో జరగదు.

తెలుగు వికీపీడియా దగ్గరికి వద్దాం. 2003 డిసెంబరులో పుట్టింది, వ్యాసాలు లక్ష దాటాయి. అందరూ కూడి మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని ఎంత చక్కటి పేరు పెట్టుకున్నారో! ఆర్బిట్రేషన్ కమిటీ లేదు. నిర్వాహకులు పదిమంది అటూఇటూ. పిడికెడు మంది ఇన్నేళ్ళుగా దాన్ని భుజాన మోస్తున్నందుకు తెలుగుజాతి వాళ్ళకి రుణపడి ఉంది. కానీ పిడికెడు మంది ఉన్నచోట గొడవపడే ఇద్దరూ, తీర్చాల్సిన మూడో మనిషీ ఒకరికొకరు ఏళ్ళుగా తెలిసినవాళ్ళే. ఎవరికి మద్దతు రాస్తే ఎవరు నొచ్చుకుంటారో ముందే తెలుసు. మొహమాటం! అందుకే కొన్ని విషయాలు తేలవు, నానుతాయి. 2009 తర్వాత గూగుల్ డబ్బిచ్చి చేయించిన యాంత్రిక అనువాద వ్యాసాలు తెలుగు వికీలోకి పెద్ద ఎత్తున వచ్చిపడ్డాయి. ఆ తెలుగు చదివితే తలనొప్పి. బెంగాలీ వికీ వాళ్ళు అలాంటివి మాకొద్దని తేల్చి చెప్పారు. మన దగ్గర వాటిని ఉంచాలా, దిద్దాలా, పీకేయాలా అన్న మాట ఏళ్ళ తరబడి నలిగింది. వాటిని దిద్దే ఓపిక చాలామందికి లేకపోయింది, తీసేద్దామని గట్టిగా అనడానికి చాలాకాలం జనం చాలలేదు.

నా అసలు బెంగ వికీతో ఆగదు. తెలుగువాళ్ళ బహిరంగ జీవితంలోనే మూడో మనిషికి చోటు లేదు. నేను ఎవరివైపూ కాదు అన్నవాణ్ణి మనం గోడమీద పిల్లి అంటాం. టీవీ చర్చకి వచ్చిన విశ్లేషకుడు ఏ పార్టీ కోటాలో వచ్చాడో పేరు కింద వేయకపోయినా చూసేవాళ్ళకి తెలుసు. సినిమా బాలేదంటే ఎందుకు బాలేదని అడగరు, నువ్వు ఏ హీరో ఫ్యానువని అడుగుతారు. కృష్ణా నీళ్ళ మీద ఆంధ్ర ఇంజనీర్ల వాదనలు, తెలంగాణ ఇంజనీర్ల వాదనలు కావలసినన్ని చదవొచ్చు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి, ఏ అంకె ఎక్కడ తేడా వస్తోందో విప్పి చెప్పిన రాత కోసం మాత్రం భూతద్దం పెట్టి వెతకాలి. రాస్తే రెండు రాష్ట్రాల్లోనూ తిట్లు గ్యారంటీ కాబట్టి ఎవరూ రాయరు. సముద్రాలు దాటి వెళ్ళినా అదే తీరు. అమెరికా తెలుగు సంఘాల్లో తానా తర్వాత ఆటా, ఆ తర్వాత నాట్స్, నాటా. పడకపోతే కూర్చుని తేల్చుకోవడం కంటే ఇంకో బోర్డు కట్టడం మనకి సులువు. ఈ విషయంలో మనమేమీ ప్రత్యేకం కాదు లెండి. 2002లో స్పానిష్ వికీపీడియా వాడుకరులు ప్రకటనలు వస్తాయేమోనన్న అనుమానంతో మూటాముల్లె సర్దుకుని వేరే విజ్ఞాన సర్వస్వం పెట్టుకున్నారు. ప్రకటనలు రానే లేదు. రెండేళ్ళు తిరిగేసరికి పాత ఇల్లే మళ్ళీ పెద్దదైంది, వెళ్ళినవాళ్ళ శ్రమ పక్కదారి పట్టింది.

ఇలాంటి గడ్డ మీద వికీకి మూడో మనుషులు ఎక్కడి నుంచి ఊడిపడతారు? తయారు చేసుకోవాలి, కానీ మనం తయారు చేస్తున్నది వేరే. మన ఎడిటథాన్లు (అందరూ కూడి వికీలో రాసే కార్యక్రమాలు), పోటీలు, ప్రాజెక్టులు దాదాపు అన్నీ వ్యాసాల లెక్క చుట్టూ తిరుగుతాయి. 2018లో భారతీయ భాషల కోసం నడిపిన ప్రాజెక్ట్ టైగర్‌లో నెలనెలా బహుమతులు ఎక్కువ వ్యాసాలు రాసినవాళ్ళకే. ఐఐఐటీ హైదరాబాద్‌లో మొదలైన తెలుగువికీ ప్రాజెక్టు ధ్యాసంతా సంఖ్యను పెంచడం మీదే. లక్ష వ్యాసాలున్న చోట ఇంకో లక్ష చేర్చొచ్చు, ఎవరు వద్దన్నారు? అయితే చర్చ పేజీలో మూలుగుతున్న ఒక తగువును చదివి, రెండు వైపుల ఆధారాలూ తూచి, ముగింపు రాసినవాడికి టీషర్టు ఇచ్చిన ఎడిటథాన్ ఎక్కడా నాకు కనబడలేదు.

చరిత్ర, తెలుగు శాఖలున్న యూనివర్సిటీలు రెండు రాష్ట్రాల్లోనూ బోలెడున్నాయి. ఎమ్మే విద్యార్థికి కొత్త వ్యాసం రాయమని కాకుండా, ఒక తెగని చర్చ చేతికిచ్చి, రెండు పక్షాలు చూపిన పుస్తకాలూ లైబ్రరీలో తీసి చదివి, అరపేజీ ముగింపు రాసుకురమ్మనండి. మార్కులు ఆ అరపేజీకి వేయండి. ఆ కుర్రాడి పేరు కింద వెంటనే ఎవరో ఒకరు నీది ఏ కులమని అడుగుతారు. సమాధానం చెప్పక్కర్లేదని, మూలం చూపించి ఊరుకోవచ్చని అతనికి ముందే చెప్పి పంపాలి.