మధ్యాహ్నపు డాక్టర్లు

మా మేనకోడలు థియాలజీలో, అంటే దైవశాస్త్రంలో, పీహెచ్‌డీ చేయడానికి ఎడిన్‌బరో వెళ్తోంది. మొన్న ఆదివారం సాయంత్రం చర్చిలో వీడ్కోలు ప్రార్థన పెట్టారు. గేటు దగ్గర ఫ్లెక్సీలో దాని ఫొటో తపాలా బిళ్లంత, ముఖ్య అతిథి ఫొటో నిలువెత్తు. ఆయన పేరు ముందు ‘రెవరెండ్ డాక్టర్ డాక్టర్’ అని ఉంది. అచ్చు తప్పేమోనని కమిటీ సెక్రటరీని అడిగాను.

“తప్పు కాదన్నా, అయ్యగారికి రెండొచ్చాయి” అన్నాడు.

అయ్యగారు మైకు అందుకుని, “ఎన్నేళ్లమ్మా చదువు?” అన్నారు. మూడేళ్లనీ, లక్ష పదాల లోపు థీసిస్ రాయాలనీ పిల్ల చెప్పింది. ఆయన జాలిగా నవ్వారు. ఆ జాలి న్యాయమైనదే. ఆయన రెండో డాక్టరేట్ ఒక్క మధ్యాహ్నంలో పూర్తయింది. నేనే సాక్షిని. ఆ రోజు డ్రైవర్ రాకపోతే కారు తోలింది నేనే.

హోటల్లో ఏసీ హాలు. పదకొండింటికి రిజిస్ట్రేషన్, అంటే డబ్బు కట్టడం. కాబోయే డాక్టర్లు నలభై మంది, గౌన్లు పన్నెండు. మొదటి పన్నెండు మంది స్టేజీ ఎక్కి, డాక్టర్లై దిగి, మెట్ల దగ్గరే గౌను విప్పి ఇస్తే, ఆ చెమట ఆరకుండానే తర్వాతి పన్నెండు మంది తొడుక్కున్నారు. టోపీలన్నీ ఒకే సైజు. అయ్యగారి తల మీద అది నిలవక ఒక చేత్తో టోపీ, ఇంకో చేత్తో పట్టా పట్టుకున్నారు. కుచ్చు కంట్లో పడుతోంది. “సార్, డాక్టరేట్ కొంచెం పైకెత్తండి, మొహం కనబడట్లా” అని ఫొటోగ్రాఫర్ కేకలు. ఇద్దరి పట్టాలు తారుమారయ్యాయి. బిర్యానీ అయ్యాక చూసుకుందాంలే అనుకున్నారు. ఎవరిది ఎవరి దగ్గరుంటేనేం, లోపలి పాండిత్యం ఒకటే కదా!

బెంగాల్లో శ్రీరాంపూర్ కాలేజీ పెట్టింది 1818లో. పట్టాలిచ్చే హక్కు కోసం 1827లో డెన్మార్క్ రాజు శాసనం దాకా ఆగాల్సి వచ్చింది. పాపం, ఆ కాలేజీ పెట్టిన మిషనరీ కేరీ దొరకి ఏసీ హాలు దొరకలేదు. మనం అలా ఆగే రకం కాదు. యూజీసీ 2023లో ప్రకటించిన నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో ఆంధ్రప్రదేశ్‌వి రెండున్నాయి. ఒకదాని పేరులో కొత్త నిబంధన, ఇంకోదాని పేరులో బైబిలు. ఒకటి గుంటూరు, ఒకటి విశాఖ. ప్రాంతీయ న్యాయం కూడా పాటించాం.

అయ్యగారు ఆ జాలి నవ్వుతోనే మైకు వదిలేసి దిగిపోతే నేనూ చప్పట్లు కొట్టేవాణ్ణే. “అయినా ఆడపిల్లవి, ఇంత చదివి పుల్‌పిట్ ఎక్కి ప్రసంగాలు చెయ్యాలా ఏమన్నా?” అన్నారు. జనం నవ్వారు. మా అక్క కూడా నవ్వింది, మర్యాద కోసం.

అక్క గాజులు ఇప్పుడు బ్యాంకులో ఉన్నాయి. వీసా కోసం ఖాతాలో డబ్బు 28 రోజులు కదలకూడదు. ఆ 28 రోజులూ పొద్దున్నే లేచి ఫోన్లో బ్యాలెన్స్ చూసుకునేది, రాత్రికి రాత్రి ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. అక్కడి ఆరోగ్య సర్‌చార్జి ఒక్కటే ఏడాదికి 776 పౌండ్లు. పిల్ల గ్యాస్ పొయ్యి పైన గోడకి హీబ్రూ క్రియల కాగితం అంటించుకుని, పప్పు తాలింపు వేస్తూ బట్టీ పట్టింది. కాగితం నిండా నూనె చుక్కలు. ఆ చదువుకి వెల కట్టే మొహమా నీది? గంటకి అద్దెకి తెచ్చిన గౌనులో మూడు నిమిషాలు నిలబడినవాడివి, నువ్వా దాన్ని అడిగేది? అది వెళ్తున్న కాలేజీ సభామందిరంలోనే 1910లో, ప్రపంచ మిషనరీ మహాసభలో, డోర్నకల్‌లో పనిచేస్తున్న మన దేశపు పాదిరి అజరయ్య లేచి, మాకు స్నేహితులు కావాలని దొరల మొహాన చెప్పాడు. అప్పటికి ఆయన పేరు ముందు ఒక్క డాక్టరూ లేదు.

హీబ్రూ వ్యాకరణంలో మొదట బట్టీ పట్టించే క్రియల్లో ‘కతల్’ ఒకటట. చంపాడు అని అర్థం. ఆ సాయంత్రం నాకు గుర్తున్న హీబ్రూ అదొక్కటే.

ప్రార్థన అయ్యాక అయ్యగారు పిల్ల తల మీద చెయ్యి పెట్టి దీవించి, విజిటింగ్ కార్డు ఇచ్చారు. డిసెంబర్లో ఇంకో బ్యాచ్ ఉందట, మనవాళ్లకి ఫీజు కొంత తగ్గిస్తారట. పిల్ల వినయంగా రెండు చేతులతో తీసుకుంది. ఆటోలో కూర్చున్నాక కార్డు తిరగేసి చూసింది.

“మామయ్యా, వెనకంతా ఖాళీయే. రెండు క్రియలు పడతాయి” అంది.