సవరణ: కుక్క జ్వరం గురించి నేను రాసింది తప్పు

పోయిన వారం చెన్నై ఎండల్లో కుక్కల సంరక్షణ గురించి రాస్తూ, "ఒళ్లు 101 డిగ్రీలు దాటితే జ్వరమే, సగం పారాసిటమాల్ వేయొచ్చు" అన్నాను. రెండూ తప్పే. దయచేసి అలా చేయకండి.

కుక్క ఒళ్లు మామూలుగానే మనకంటే వెచ్చగా ఉంటుంది. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా సాధారణమే. ముక్కు పొడిగా ఉందని జ్వరం అనుకోలేం (మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు). థర్మామీటర్ మలద్వారంలో పెట్టి చూడాలి. దానికోసం వేరే థర్మామీటర్ కొనండి, ఇంట్లో గొడవలుండవు. ఎండలో తిరిగొచ్చి 104 దాటితే వడదెబ్బ కావచ్చు. మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాన్ పెట్టి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

మాత్ర సంగతి ఇంకా ముఖ్యం. పారాసిటమాల్ మోతాదు మించితే కుక్క కాలేయం దెబ్బతింటుంది, ఎర్ర రక్తకణాలు ఆక్సిజన్ మోయలేకపోతాయి. ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్రతో అయితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పాడవుతాయి. నా మాట విని ఎవరైనా ఇప్పటికే వేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకండి, మాత్రల అట్ట కూడా పట్టుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. దగ్గర్లో ఎవరూ దొరక్కపోతే వేపేరిలో మద్రాస్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలు తీసేశాను.