రంగులద్దించి పంపేస్తే సరిపోతుందా?

శనాదివారాలొస్తే చాలు, హైటెక్ సిటీ చుట్టుపక్కల ‘ఆర్ట్‌తో హీలింగ్’ వర్క్‌షాపులే. మండలా (గుండ్రటి ముగ్గుల్లాంటి డిజైన్ల) ప్రింటవుట్లు, రెండు గంటలు రంగులు, చివర్లో గ్రూప్ ఫొటో. మనసు తేలికపడుతుంది, కాదనను. కానీ ఉద్యోగం ఊడినవాళ్లకో, ఇంట్లోకి వరద నీళ్లొచ్చినవాళ్లకో అది చాలదు. కష్టమొస్తే తమకు అక్కరకొచ్చేదేంటో వాళ్ల చేతే బయటికి తీయించాలి.

దానికో పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. ఇజ్రాయెల్ సైకాలజిస్టు మూలీ లహాద్ పెట్టిన ఆరు గళ్ల కథ. ఒక ఏ3 కాగితం, ఒక డబ్బా ఆయిల్ పేస్టల్స్ చాలు. కాగితం మడిచి ఆరు గళ్లు చేయండి. మొదటి దాంట్లో ఒక పాత్ర, మనిషే కానక్కర్లేదు. తర్వాత వరసగా: దాని పని, సాయపడేవాళ్లు లేదా వస్తువు, అడ్డంకి, దాన్ని ఎదుర్కొన్న తీరు, ఆపైన ఏమైంది. గీశాక కథ చెప్పించండి. మధ్యలో నోరు మెదపొద్దు.

అసలు పని వినడంలో ఉంది. వాళ్ల కథలో పాత్ర ఒక ఆటో, అండర్‌పాస్ నీళ్లలో ఇరుక్కుందనుకోండి. అది దేవుడికి దండం పెడితే వాళ్లకు అక్కరకొచ్చేది నమ్మకం, బోరున ఏడిస్తే భావం, పక్క ఆటోల్ని పిలిస్తే మనుషులు, రెక్కలొచ్చి ఎగిరితే ఊహ, వేరే దారి లెక్కేస్తే ఆలోచన, దిగి తోస్తే శరీరం. లహాద్ ‘బేసిక్ పీహెచ్’ అన్నది ఈ ఆరింటినే. ఏది మళ్లీ మళ్లీ వస్తోందో రాసుకుని, ఈ వారం దాంతో ఏం చేయొచ్చో అడగండి. ఒక్క కథతో మనిషి మీద ముద్ర వేయకండి.

చెడగొట్టేది ఎక్కువగా నడిపించేవాళ్లే. ‘నీ బాధ గీయి’ అంటారు. పుండు కెలికి, టైమైపోయిందని పంపేస్తారు. నలుపు కనిపిస్తే డిప్రెషన్ అంటారు; చేతికి అందిన రంగు అదేనేమో! ఒకరి బొమ్మ ‘సూపర్’ అన్నారా, గీయడం రాని పక్కాయన కాగితం తిప్పేస్తాడు.

మూడో గడి, అంటే సాయం గడి, ఖాళీగా ఉంటే మీరు నింపకండి. మనిషే కావాలా, చెట్టయినా పర్లేదా అని అడగండి. 1908 మూసీ వరదలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని ఈ ఊళ్లో చెప్పుకుంటారుగా.

చచ్చిపోవాలన్న మాట వస్తే మాత్రం కాగితం పక్కన పెట్టేయండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, పక్కనే కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ కలపండి.

ఇంకోటి, ఆ బొమ్మ గీసినవాళ్లది. వాళ్లింటికే వెళ్లాలి, మీ ఇన్‌స్టా స్టోరీలోకి కాదు.