క్యాట్‌లో వదిలేయడం కూడా రావాలి

మా అక్క కొడుకు గుంటూరులో ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది. పోయిన నెల మా ఇంట్లో కూర్చుని క్యాట్ (ఐఐఎంలలో ఎంబీఏ సీటు కోసం రాసే పరీక్ష) మాక్ టెస్ట్ రాశాడు. మ్యాథ్స్‌లో 22 ప్రశ్నలుంటే 20 పెట్టేశాడు. ముఖం వెలిగిపోతోంది. తీరా చూస్తే పది ఒప్పు, పది తప్పు. ఒప్పుకి మూడు మార్కులు, తప్పుకి మైనస్ ఒకటి. 30లోంచి 10 పోగా మిగిలింది 20. అదే పది ప్రశ్నలే ముట్టుకుని తొమ్మిది సరిగ్గా చేసుంటే 26 వచ్చేవి.

వాడిని తిట్టి లాభం లేదు. అది ఎంసెట్ నేర్పిన అలవాటు (పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లలో ఇంకా ఎంసెటే). 160 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. ఆఖరి ఐదు నిమిషాల్లో మిగిలినవాటికి ఏదో ఒక ఆప్షన్ పెట్టేసి రమ్మని లెక్చరర్లే చెబుతారు. రాష్ట్రంలో ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం రాసే ఐసెట్‌దీ అదే తీరు: 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, తప్పు రాసినా పోయేదేం లేదు. ఆ చేత్తోనే క్యాట్ రాయబోయి మనవాళ్లు దెబ్బతింటున్నారని నా అనుమానం.

నాలుగేసి ఆప్షన్లున్న నాలుగు ప్రశ్నలకు కళ్లు మూసుకుని పెడితే సగటున ఒకటి తగులుతుంది. దానికొచ్చిన మూడు మార్కులు మిగతా మూడు తప్పులకు చెల్లు. ఒక్క ఆప్షన్ కచ్చితంగా కాదని తేల్చుకున్నాక పెడితే మాత్రం లెక్క కాస్త మనవైపు మొగ్గుతుంది. జవాబు టైప్ చేయాల్సిన ప్రశ్నలకు నెగెటివ్ లేదు కాబట్టి వాటిని ఖాళీగా వదలకండి.

వదిలేయడం అసలు అవసరమయ్యేది డీఐఎల్ఆర్‌లో, అంటే పట్టికలూ పజిళ్లూ ఉండే సెక్షన్‌లో. 2024లో ఇందులో 22 ప్రశ్నలు ఐదు సెట్లుగా వచ్చాయి. టైమ్ 40 నిమిషాలు. మొదటి సెట్‌తోనే పావుగంట కుస్తీ పట్టామా, నాలుగోదో ఐదోదో తేలిగ్గా ఉన్నా దాని మొహం చూడకుండానే గంట కొట్టేస్తుంది. పక్క సెక్షన్‌లో మిగిలిన టైమ్ ఇక్కడ వాడుకునే వీలూ లేదు. ముందు ఐదు సెట్లూ తిరగేసి, మనకు లొంగే రెండు మూడింటిని ఏరుకోవడానికి ఐదారు నిమిషాలు పోయినా పర్లేదు. మావాడికి ఆ ఐదు నిమిషాలు ఖాళీగా కూర్చున్నట్టు అనిపిస్తుందట, అదే టెన్షన్.

ఇంగ్లిష్‌లో 24కి 16 ప్రశ్నలు ప్యాసేజ్‌లవే. వర్డ్ లిస్టులు బట్టీ పట్టి గట్టెక్కడం కష్టం, రోజూ చదవాల్సిందే. మ్యాథ్స్ ఎంత బాగా చేసినా ఇక్కడ సెక్షన్ కటాఫ్ దాటకపోతే ఐఐఎంల నుంచి పిలుపు రాదు.

పర్సంటైల్ అనగానే పర్సంటేజీ అనుకుని హడలిపోయే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. 99 పర్సంటైల్ అంటే రాసినవాళ్లలో 99 శాతం మంది మన వెనకున్నారని. ఈమధ్య ఏళ్లలో మొత్తం మార్కుల్లో సగం కన్నా తక్కువ వచ్చినా అది అందుతోంది.

అమీర్‌పేటలో కోచింగ్ ఫీజు కట్టేముందు బీరువాలోంచి పాత మార్కుల మెమోలు తీయండి. చాలా ఐఐఎంలు ఇంటర్వ్యూకి పిలిచే ముందు టెన్త్, ఇంటర్, డిగ్రీ మార్కులకూ వెయిటేజీ ఇస్తాయి. ఇంటర్‌లో 980 వచ్చాయన్న ధీమా ఒక్కటే చాలదు. ఐఐఎం బెంగళూరు లాంటిచోట ఆయా బోర్డుల్లో మార్కులు పడే తీరును బట్టి వాటిని సర్దుబాటు చేస్తారు. ఇంజినీరింగ్ కాని డిగ్రీలకూ, అమ్మాయిలకూ చాలాచోట్ల అదనపు పాయింట్లున్నాయి. ఇంజినీరింగ్ చదివిన జనరల్ కేటగిరీ అబ్బాయికి అవేవీ ఉండవు కాబట్టి ఆ లోటు పర్సంటైల్‌తోనే పూడ్చుకోవాలి. ఈ సంగతి కోచింగ్ సెంటర్ కరపత్రంలో నాకెప్పుడూ కనబడలేదు.

మొన్న ఆదివారం మావాడు మళ్లీ మాక్ రాశాడు. మ్యాథ్స్‌లో పదకొండు వదిలేశాడు, స్కోరు పెరిగింది. పక్కనే కూర్చుని స్క్రీన్ చూస్తున్న మా బావగారికి మాత్రం మింగుడుపడలేదు. "ఏరా, సగం పేపర్ ఖాళీగా వదిలేశావేంటి?" అన్నారు.